వదులైన కుళాయి, చేతికి అందని పానా

వాష్‌బేసిన్ కుళాయి పిడి వదులవడం కూడా స్త్రీల హక్కుల పత్రికలో రాయవలసిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. హింస, ఆస్తిహక్కు, వేతనాలు, చట్టసభల్లో ప్రాతినిధ్యం వంటి పెద్ద ప్రశ్నలుండగా ఒక మర బిగించుకోవడం గురించి చర్చ ఏమిటన్న సందేహం సహజమే. కానీ స్త్రీల రోజువారీ బతుకును శాసించేవి చాలావరకు ఇలాంటి 'చిన్న' విషయాలేనని మనకు అనుభవంలో తెలుసు. వంటింటి పొగ ఒకప్పుడు చిన్న విషయమే. మరుగుదొడ్డి లేకపోవడమూ చిన్న విషయమే. స్త్రీలు నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాకే అవి ఆరోగ్యానికీ, భద్రతకూ, గౌరవానికీ సంబంధించిన విషయాలని లోకం ఒప్పుకోక తప్పలేదు.

ఇంట్లో కుళాయిని రోజూ అందరికన్నా ఎక్కువసార్లు తిప్పే చెయ్యి ఎవరిది? గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది, పిల్లల మూతులు కడిగేది, ముసలివాళ్ళకు స్నానానికి నీళ్ళు పెట్టేది ఎవరు? ఆ కుళాయి పాడైతే దాన్ని విప్పి చూసే చెయ్యి ఎవరిది? మొదటి ప్రశ్నకు జవాబు స్త్రీ. రెండో ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ పురుషుడే. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరాన్ని మనం ఇంతవరకూ పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని తగ్గించడం మన సంఘాల పనిలో భాగం కావాలని నా అభిప్రాయం.

ముందు కుళాయిని చూద్దాం

కోస్తాలో కుళాయి అన్నా, తెలంగాణలో నల్లా అన్నా లోపల ఉండేది ఒకటే. మన ఇళ్ళలో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది పాతకాలపు ఇత్తడి కుళాయి. పిడిని రెండు మూడు చుట్లు తిప్పితే లోపలి కడ్డీ కిందికి దిగుతుంది. దాని అడుగున ఉన్న వాషరు నీటి దారిని మూసేస్తుంది. ఇంగ్లండులోని రోథర్‌హామ్‌లో గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే సంస్థ 1845లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. నూట డెబ్బై ఐదేళ్ళు దాటినా మూలసూత్రం మారలేదు. రెండోది ఇటీవలి కాలపు పావుచుట్టు కుళాయి. ఇందులో రబ్బరు వాషరు బదులు పింగాణీ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరిగి నీటిని ఆపుతాయి.

ఏ రకమైనా పిడి కడ్డీకి అతికి ఉండదు. పాతరకం కుళాయిలో చాలావాటికి కడ్డీ పైకొన మీద సన్నని పళ్ళుంటాయి. పిడి లోపలి పళ్ళు వాటిలో కూర్చుంటాయి. పైనుంచి ఒక మర ఆ రెంటినీ కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ మరను కప్పుతూ ఒక చిన్న మూత, దాని మీద ఎరుపో నీలమో గుర్తు ఉంటాయి. మర వదులైతే పిడి ఊగుతుంది. ఊగే పిడినే నెలల తరబడి తిప్పుతూ పోతే పళ్ళు అరిగిపోతాయి. అప్పుడు పిడి ఊరికే గిర్రున తిరుగుతుంది. నీళ్ళు రావు, లేదా వచ్చిన నీళ్ళు ఆగవు.

మర ఎందుకు వదులవుతుంది? చాలాసార్లు అసలు తప్పు అడుగునున్న వాషరుది. అది అరిగితే చుక్కలు కారతాయి. చుక్కలు ఆపాలని ఇంట్లో ప్రతి ఒక్కరూ పిడిని మరింత గట్టిగా బిగిస్తారు. ఆ బలమంతా పిడి మీదా మర మీదా పడుతుంది. బోరునీళ్ళలో సున్నం ఎక్కువగా ఉండే ఊళ్ళలో కడ్డీ చుట్టూ తెల్లని పొర పేరుకుని కుళాయి బిగుసుకుపోతుంది. అప్పుడూ పిడి మీద అదే బలప్రయోగం జరుగుతుంది.

ఇక బాగుచేయడం. బేసిన్ కింద గోడకు ఉన్న చిన్న వాల్వును, అంటే ప్లంబర్లు యాంగిల్ కాక్ అనేదాన్ని, కట్టేయాలి. అది లేకపోతే ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టేయాలి. బేసిన్ రంధ్రంలో ఒక గుడ్డ కుక్కాలి, లేకపోతే మర జారి గొట్టంలోకి పోతుంది. మూతను చాకు మొనతో మెల్లగా లేపి, ఒక చేత్తో పిడిని పట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో మరను గడియారం ముల్లు తిరిగే వైపుకు బిగించాలి. మూత మళ్ళీ నొక్కాలి. పని అయిపోయింది. పళ్ళు కొద్దిగా అరిగి ఉంటే కడ్డీ కొనకు టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుట్టి పిడిని తిరిగి కూర్చోబెడితే కొంతకాలం గడుస్తుంది. పూర్తిగా అరిగితే పాత పిడిని దుకాణానికి తీసుకెళ్ళి దానికి సరిపోయేది తెచ్చుకోవాలి. సున్నం పేరుకుంటే నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి, ఆ తర్వాత పాత బ్రష్‌తో రుద్ది కడగాలి. పావుచుట్టు కుళాయికి చాలావరకు పిడి వెనకో కిందో చిన్న రంధ్రం, అందులో ఆరు మూలల గుంట ఉన్న బుల్లి మర ఉంటాయి. దాన్ని అలెన్ కీతో బిగించాలి. పాతరకం కుళాయిలో పిడి బిగించాక కూడా చుక్కలు కారుతుంటే వాషరు మార్చి తీరాలి. లేకపోతే కొన్నాళ్ళకు మర మళ్ళీ వదులవుతుంది.

ఇందులో మగవాడి కండబలం అవసరమైన చోటు ఎక్కడుంది? ప్రెషర్ కుక్కర్ పిడి వదులైతే మనం ఎవరినీ పిలవం. చాకు మొనతోనో, పాత స్క్రూడ్రైవర్‌తోనో బిగించుకుని అన్నం వండేస్తాం. రబ్బరు సాగిపోతే కొత్తది వేస్తాం. కుట్టుమిషనులో దారం చిక్కుపడితే బాబిన్ విప్పి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగిస్తాం. కుళాయి పిడికి కావలసిన నైపుణ్యం దీనికన్నా ఎక్కువ కాదు. అయినా కుక్కరు దగ్గర లేని సంకోచం కుళాయి దగ్గర వస్తుంది. కారణం నాకు ఇలా తోస్తుంది. కుక్కరు వంటపాత్ర, అది 'మనది'. కుళాయి గోడలోకి పోతుంది, గొట్టంలోకి పోతుంది, ఇంటి నిర్మాణంలో భాగం. ఇల్లు ఆయనది. ఇంట్లో ఏ వస్తువు మీద ఎవరికి హక్కు ఉందో, ఆ వస్తువును విప్పే ధైర్యం కూడా వాళ్ళకే ఉంటుంది. ఇది ఆస్తి సంబంధం. దీన్ని మనం 'ఆడవాళ్ళకు యంత్రాలు తెలియవు' అనే మాట కింద దాచిపెడుతున్నాం.

ఎదురుచూపు ఎవరి ఖాతాలో?

ప్లంబర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్ళూ శ్రామికులే. మన దేశంలో ఎన్నో నగరాలకు ప్లంబర్లను పంపేది ఒడిశాలోని కేంద్రపడా జిల్లా. ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి వచ్చి, ఇరుకు గదుల్లో ఉంటూ పనిచేసే వలస కార్మికులు వీళ్ళు. ఒక్క మర బిగించడానికి పది కిలోమీటర్లు రావడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే 'రేపు వస్తానమ్మా' అంటారు. ఆ రేపు వారమవుతుంది. పెద్ద పని ఏదైనా కలిసి వచ్చేదాకా చిన్న పని ఆగుతుంది.

ఆ వారం రోజులు ఎవరు ఇంట్లో ఉండాలి? ఉద్యోగానికి సెలవు ఎవరు పెట్టాలి? కుళాయి కింద బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా ఎత్తి పోసేది ఎవరు? ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుని లెక్కవేస్తే, సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా నీళ్ళు పారబోస్తుంది. ట్యాంకరు కోసం డబ్బాలు వరసలో పెట్టుకునే బస్తీలో ఆ నీళ్ళ విలువ ఏమిటో వేరే చెప్పాలా?

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో ఇవి 289, 88 నిమిషాలు. అయిదేళ్ళలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గింది, పురుషుల వాటా తొమ్మిది నిమిషాలు తగ్గింది! బకెట్ ఎత్తిపోయడం ఈ లెక్కల్లోకి వస్తుందేమో గానీ, ప్లంబర్ కోసం, భర్త తీరిక కోసం, ఇంటి యజమాని దయ కోసం ఎదురుచూడటం పనిగా ఎవరికి తోస్తుంది? ఎదురుచూసే మనకే అది పనిగా తోచదు.

ఒంటరి స్త్రీల సంగతి మరీ కష్టం. స్నానాల గదిలోకి తెలియని మగవాడిని రానివ్వడం, అతను ఉన్నంతసేపూ వీధి తలుపు బార్లా తెరిచి ఉంచడం, పక్కింటివాళ్ళ చూపులు - ఇవన్నీ ఒంటరిగా బతికే స్త్రీలు లెక్క వేసుకునే విషయాలే. ఇక ఇళ్ళలో పనిచేసే స్త్రీల సంగతి. ఆ ఇంటి కుళాయిని ఇంటివాళ్ళకన్నా ఎక్కువగా తిప్పేది ఆమె. పళ్ళు అరిగి, మర ఊడి, ఏదో ఒక రోజు పిడి చేతికి వస్తే అది ఆమె చేతికే వస్తుంది. 'పనిమనిషి విరగ్గొట్టింది' అన్న మాట పడేదీ, కొన్ని ఇళ్ళలో జీతంలో కోత పడేదీ ఆమెకే. ఏడాదిగా వదులుగా ఉన్న మరను ఎవరూ గుర్తు చేసుకోరు. కుళాయి ఎలా పాడవుతుందో తెలియడం ఇక్కడ ఒక శ్రామిక స్త్రీకి తన తరఫున చెప్పుకోవడానికి ఆధారమవుతుంది.

ఆడపిల్లల హాస్టళ్ళు చూసినవాళ్ళకు మరో దృశ్యం తెలుసు. వరసగా అయిదు బేసిన్లుంటే రెండింటికే పిడులుంటాయి. మిగిలినవాటికి మొండి కడ్డీలు. వాటిని తిప్పడానికి పిల్లలు చున్నీ కొస చుట్టుకుంటారు. తెల్లవారుజామున రెండు కుళాయిల దగ్గర వరస కడతారు. నెలసరి రోజుల్లో ఆ వరసలో నిలబడటం ఎలా ఉంటుందో రిజిస్టరులో రాయడానికి చోటు ఉండదు. వార్డెను పై అధికారికి రాస్తుంది, పై అధికారి ఇంజినీరింగ్ విభాగానికి రాస్తాడు, మరమ్మతుల బిల్లు మంజూరయ్యేసరికి విద్యాసంవత్సరం ముగుస్తుంది. ఒక స్క్రూడ్రైవరు, గుప్పెడు మరలు, నాలుగు పిడులు - ఇవి హాస్టల్లో ఉండకపోవడానికి డబ్బు లేకపోవడం కారణమని నేను నమ్మను. ఆడపిల్లల చేతికి వాటిని ఇవ్వవచ్చని ఎవరికీ తోచకపోవడమే కారణం.

బాందా స్త్రీలు చూపిన దారి

స్త్రీలు పానా పట్టగలరా అన్న ప్రశ్నకు మన దేశంలో చాలాకాలం కిందటే జవాబు దొరికింది. 1970లలో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపులు ఊరూరా వచ్చాక వాటి మరమ్మతు పెద్ద సమస్య అయింది. పంపు చెడితే మెకానిక్కు పట్నం నుంచి రావాలి. అతను వచ్చేదాకా స్త్రీలు మైళ్ళు నడవాలి. రాజస్థాన్‌లోని తిలోనియాలో ఊరివాళ్ళనే చేతిపంపు మిస్త్రీలుగా తయారుచేశారు, తర్వాత స్త్రీలకూ ఆ పని నేర్పారు. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, కోల్ ఆదివాసీ స్త్రీలు చేతిపంపు మెకానిక్కులయ్యారు. బరువైన గొట్టాలు పైకి లాగి, వాషర్లు మార్చి, పంపులు నడిపించారు. నీళ్ళు ముట్టుకునే హక్కు కోసం 1927లో మహద్ చెరువు దగ్గర అంబేద్కర్ నాయకత్వంలో పోరాడవలసి వచ్చిన దేశం ఇది. అంటరానితనం పాటించే ఊళ్ళలో ఒక దళిత స్త్రీ ఊరి పంపు విప్పి బాగుచేయడంలో ఎంత అర్థం ఉందో ఆలోచించండి.

అక్కడ ఇంకో విశేషం జరిగింది. ఏ పంపుకు ఏ భాగం మార్చారో రాసుకోవాలి గనుక ఆ స్త్రీలకు చదువు అవసరమైంది. చదువు కావాలని వాళ్ళే అడిగారు. అదే ప్రాంతంలో 'మహిళా డాకియా' అనే స్త్రీల పత్రిక వచ్చింది. ఆ వరసలోనే 2002లో చిత్రకూట్‌లో 'ఖబర్ లహరియా' మొదలయింది. మన దగ్గర 1990లలో అక్షరాస్యతా తరగతులు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలను సారా మీద పోరాటానికి కదిలించాయి. బాందాలో పానా అక్షరాల దగ్గరికి నడిపించింది. సాధికారత ఏ వైపు నుంచి మొదలవుతుందో ముందుగా చెప్పలేం.

ఇంత చరిత్ర ఉన్నా, 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌ను చూడండి. గ్రామ నీటి కమిటీల్లో సగం మంది స్త్రీలుండాలన్నారు. నీటి నాణ్యత పరీక్షించడానికి ఊరికి అయిదుగురు స్త్రీలకు శిక్షణ ఇవ్వాలన్నారు. రెండూ మంచివే. అయితే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయో లేదో చూసే బాధ్యతతో పాటు కుళాయినీ వాల్వునూ బాగుచేసే పని, దానికి వచ్చే కూలి కూడా స్త్రీలకు అందుతున్నాయా? మీరు పనిచేసే ఊళ్ళో పానా ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూడండి. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లాల విషయంలోనూ ఇదే ప్రశ్న వేయాలి.

ఒక అభ్యంతరం

ఈ వాదన మీద మన మిత్రులే లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది. ఇప్పటికే అయిదు గంటలు చాకిరీ చేసే స్త్రీ నెత్తిన కుళాయిల మరమ్మతు కూడా పెడతారా? ఇంట్లో మగవాడు చేసే ఒకటి రెండు పనుల్లో ఇదొకటి. అదీ ఆమే నేర్చుకుంటే అతను పూర్తిగా చేతులు దులిపేసుకోడా?

ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. గ్యాస్ సిలిండరు బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, పిల్లల బడికి వెళ్ళి మాట్లాడటం - 'బయటి పనులు' ఒక్కొక్కటే స్త్రీల మీదికి ఎలా వచ్చాయో చూశాం. దానికి బదులుగా వంటింటి పని ఏదీ మగవాళ్ళకు బదిలీ కాలేదు. అందుకే నేను తెలియడానికీ, చేయడానికీ తేడా చూపుతున్నాను. కుళాయి విప్పడం ఇంట్లో అందరికీ తెలియాలి. ఎవరు చేయాలన్నది బేరం. తెలియని మనిషికి బేరమాడే శక్తి ఉండదు. అతను చేసేదాకా వేచి ఉండటం తప్ప ఆమెకు మరో దారి లేదు. తెలిసిన స్త్రీ 'ఇది పది నిమిషాల పని, ఈ పూట నువ్వు చెయ్యి' అని అనగలదు. ప్లంబరు మొత్తం కుళాయి మార్చాలంటే 'వాషరు మారిస్తే చాలదా?' అని అడగగలదు. హాస్టల్లో, ఆఫీసులో, బడిలో అయితే ఈ పని జీతం లేని సేవగా ఎన్నటికీ మారకూడదు. దానికి సామాను, ఖర్చు, కూలి ఇచ్చి తీరాలి.

మన ఉద్యమానికి ఇది కొత్త కాదు. శరీరం గురించిన జ్ఞానం డాక్టర్ల గుప్పిట్లో ఉండకూడదనుకున్నప్పుడు హైదరాబాదు స్త్రీలు 1990ల మొదట్లో 'సవాలక్ష సందేహాలు' తీసుకొచ్చారు. డాక్టర్లు అక్కర్లేదని ఆ పుస్తకం ఉద్దేశం కాదు. డాక్టరు ముందు తెలివిగా, ధైర్యంగా కూర్చోవడం దాని ఉద్దేశం. ఇంటి గొట్టాల విషయంలోనూ మనకు కావలసింది అదే.

పిడి ఆకారం కూడా హక్కే

మరో మాట. గుండ్రటి పిడి గట్టిగా పట్టుకుని మెలితిప్పగల చేతిని దృష్టిలో పెట్టుకుని చేసినది. కీళ్ళవాతం స్త్రీలలోనే ఎక్కువ. వేళ్ళు వంకర పోయిన ముసలమ్మకు, ఒక చెయ్యి పనిచేయని స్త్రీకి, చంకలో పసిబిడ్డ ఉన్న తల్లికి ఆ పిడి ఒక అడ్డంకి. అది వదులైతే మరీను. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద 1991లో వచ్చిన ప్రమాణాల ప్రకారం కుళాయి ఒక చేత్తో, గట్టిగా పట్టుకోనక్కరలేకుండా, మణికట్టు మెలితిప్పకుండా, 5 పౌండ్లకు మించని బలంతో తెరవగలిగేలా ఉండాలి. మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అయినా ఎన్నో ప్రభుత్వ భవనాల్లో పిడి ఎలాంటిదో ఎంచుకునే వేళ అడిగే మొదటి ప్రశ్న ధర. పాడైన గుండ్రటి పిడిని మార్చేటప్పుడు, ఆ కడ్డీకి సరిపోయేది దొరికినచోట, పొడుగు పిడి వేయడం పెద్ద ఖర్చు కాదు. మరమ్మతు నిర్ణయం స్త్రీల చేతిలో ఉంటే ఈ ఆలోచన వస్తుంది.

మనం చేయగలిగినవి

మొదటిది, ప్రతి సంఘం కార్యాలయంలో ఒక పనిముట్ల పెట్టె ఉండాలి. రెండు రకాల స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల గుత్తి, సైజు మార్చుకునే పానా, టెఫ్లాన్ టేపు, కొన్ని వాషర్లు చాలు. నెలవారీ సమావేశంలో ఒక గంట దానికి కేటాయించి, పాత కుళాయి ఒకటి విప్పి బిగించడం అందరి చేతా చేయించాలి. చూపిస్తే చాలదు, ప్రతి ఒక్కరి చేతిలో పానా పడాలి.

రెండోది, ఆడపిల్లల హాస్టళ్ళలో చిన్న మరమ్మతులకు చేతిఖర్చు కింద కొంత డబ్బు వార్డెను దగ్గర ఉంచాలని, ఖర్చు లెక్క విద్యార్థినుల కమిటీ చూడాలని సంక్షేమ శాఖలను అడగాలి. నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేర్పాలి. అయితే మరమ్మతు బాధ్యత యాజమాన్యానిదేనని గట్టిగా చెప్పాలి.

మూడోది, ఐటీఐలలో ప్లంబర్ కోర్సు ఉంది. మన దగ్గరికి శిక్షణ కోసం వచ్చే అమ్మాయిలకు కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులే చెప్పడం మనం కూడా మానాలి. స్త్రీలు ప్లంబర్లయితే ఒంటరి స్త్రీల ఇళ్ళ తలుపులు భయం లేకుండా తెరుచుకుంటాయి, హాస్టళ్ళకు రాకపోకలు సులువవుతాయి.

నాలుగోది, ఇంటిపని కార్మికుల సంఘాలు బేరసారాల్లో ఒక నియమం చేర్చాలి. వాడకంలో అరిగిన వస్తువుకు పనిచేసే స్త్రీ జీతంలో కోత పెట్టకూడదు.

ముంబయి శివారులోని మీరారోడ్‌లో రచయిత ఆబిద్ సుర్తీ 2007 నుంచి ఆదివారాల్లో ఒక ప్లంబరును వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగి, కారే కుళాయిలు ఉచితంగా బాగుచేయించారు. గౌరవించదగిన పని. కానీ ఆ తలుపుల వెనక ఉన్న స్త్రీలకు ఒక్కొక్క స్క్రూడ్రైవరు ఇచ్చి, ఎలా బిగించాలో చూపించి ఉంటే ఏమయ్యేదని నాకు అనిపిస్తుంది. స్త్రీల సంఘాలు చేయవలసింది ఆ రెండో పని. నీటి బిందె మోసే హక్కు మనకు ఎవరూ ఇవ్వనక్కరలేకుండానే వచ్చింది. ఆ నీళ్ళు వచ్చే గొట్టం మీద, కుళాయి మీద, దాన్ని విప్పి చూసే జ్ఞానం మీద హక్కు మాత్రం అడిగి తీసుకోవలసినదే.